బీమాకు ఒత్తు లేదు, మనకు పట్టు లేదు

ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితుడిగా పనిచేసినవాణ్ణి. ఎర్రసిరా కలం పట్టుకొని నేను దిద్దిన మాటల్లో 'భీమా' ఒకటి. ఎన్నిసార్లు ఒత్తు కొట్టేశానో లెక్కలేదు. ఆ మాట పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిందనీ, దానికి కుంతీపుత్రుడైన భీముడితో బాదరాయణ సంబంధం కూడా లేదనీ పిల్లలకు చెప్పి చెప్పి అలసిపోయాను. ఇప్పటికీ వీధి మలుపులో ఉన్న ఏజెంటుగారి బోర్డు మీద 'ఆరోగ్య భీమా' అనే ఉన్నది. గదాధారి ఒకడు మన వాకిట కాపలా కాస్తున్నాడన్న భ్రమ ఆ ఒత్తులో ఉన్నదేమో అని ఈమధ్య అనిపిస్తున్నది. అక్షరం తప్పును దిద్దగలిగిన నేను అర్థం తప్పును మాత్రం దిద్దుకోలేకపోయాను. ఆ తప్పుకు మా ఇంట చెల్లించిన మూల్యం ఎంతో చెప్పి, ఆపైన నా వాదం వినిపిస్తాను.

మా అల్లుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో ఆరేళ్ళు పనిచేశాడు. కంపెనీ తన ఉద్యోగులందరికీ కలిపి తీసుకున్న సామూహిక ఆరోగ్య బీమా ఉండేది. అందులో అతడు, మా అమ్మాయి, మనవడు, అతడి తల్లి ఉన్నారు. నలుగురికీ కలిపి 5 లక్షలు. మా వియ్యపురాలికి అరవై మూడేళ్ళు. పదేళ్ళుగా మధుమేహం, రక్తపోటు. అయినా సామూహిక పాలసీ కాబట్టి చేరిన మొదటి రోజు నుంచే ఆమె పాతజబ్బులకు కూడా రక్షణ ఉండేది. రెండుసార్లు ఆసుపత్రిలో చేరితే జేబులోంచి పెద్దగా పైసా తీయకుండా ఇంటికి వచ్చారు. "మా బీమా ఉంది కదండీ" అనేవాడు అల్లుడు. "మా అల్లుడి బీమా ఉంది" అని నేనూ నలుగురిలో గొప్పగా చెప్పుకున్నాను.

రెండేళ్ళ క్రితం అతడికి మరింత మంచి ఉద్యోగం వచ్చింది. పాత కొలువు వదిలిన నాటికీ కొత్తదానిలో చేరిన నాటికీ మధ్య ఇరవై రోజులు విరామం. ఆ విరామంలో అందరూ తెనాలి వచ్చి మా ఇంట ఉన్నారు. అరిసెలు వండుకున్నాం. అప్పుడు కూడా నేను అడిగాను, అడగకపోలేదు.

"బాబూ, అమ్మగారి ఆసుపత్రి కార్డు సంగతి ఏమిటి?"

"కొత్త కంపెనీవాళ్ళు చేరగానే ఇస్తారు మామయ్యగారూ" అన్నాడు.

ఇచ్చారు. అందులో అతడు, భార్య, బిడ్డ ఉన్నారు. తల్లి లేదు. ఆ కంపెనీ పాలసీలో తల్లిదండ్రులకు చోటు లేదు. విడిగా ఒకటి తీసుకోవాలని అనుకున్నారు. ఈ నెల, వచ్చే నెల అనుకుంటుండగా, పాత కంపెనీ వదిలిన నలభై మూడవ రోజు తెల్లవారుజామున ఆవిడకు గుండెపోటు వచ్చింది. రెండు స్టెంట్లు వేశారు. బిల్లు 3,85,000 రూపాయలు. ఆవిడ చేతికున్న ఆరు గాజులూ బ్యాంకు లాకరుకు కాదు, బ్యాంకు కుదువకు వెళ్ళాయి.

ప్రాణం దక్కింది. భగవంతుడి దయ. కానీ భగవంతుడి దయకూ కంపెనీల బాధ్యతకూ మధ్య ఉన్న తేడాను మాట్లాడవలసిన సమయం వచ్చిందని నా నమ్మకం.

ఇక్కడ నన్ను కొంచెం వ్యాకరణం చెప్పనివ్వండి, వృత్తిధర్మం. 'మా బీమా' అన్నప్పుడు ఆ 'మా' షష్ఠీ విభక్త్యర్థంలో ఉన్నది. షష్ఠి సంబంధాన్ని చెబుతుంది. కానీ ప్రతి సంబంధమూ స్వామ్యం కాదు. నేను ముప్పై నాలుగేళ్ళు 'మా బడి' అన్నాను. విరమణ రోజున బీరువా తాళాలు హెడ్మాస్టరుగారి చేతికి ఇచ్చి, శాలువా కప్పించుకొని బయటికి వస్తే ఆ బడి నాది కాకుండా పోయింది. 'మా బీమా' కూడా అలాంటి షష్ఠే. సామూహిక పాలసీకి పాలసీదారు కంపెనీ. ఉద్యోగి అందులో ఒక సభ్యుడు మాత్రమే, అతడి తల్లి ఆ సభ్యుడి వెనుక నిలబడిన మరొక సభ్యురాలు. కొలువు పోయిన నాడు సభ్యత్వం పోతుంది. జబ్బు మాత్రం కొలువుతో పాటు రాజీనామా చేయదు కదా!

సరే, కంపెనీ సొమ్ము కంపెనీది, పోతే పోయింది అనుకుందాం. నా ఆగ్రహం దానికి కాదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను కళ్ళజోడు తుడుచుకొని, మనవడి సాయంతో బీమా నియంత్రణ సంస్థవారి నిబంధనలు చదవడం మొదలుపెట్టాను. చదివాక తెలిసింది. దారి ఉన్నది. సామూహిక పాలసీలో ఉన్న వ్యక్తి దాన్ని వీడేటప్పుడు, అదే బీమా సంస్థ దగ్గర సొంత పాలసీకి గానీ కుటుంబ పాలసీకి గానీ మారే హక్కు ఉన్నది. దానికి 'మైగ్రేషన్' అని పేరు. అలా మారితే అప్పటిదాకా గడిచిన కాలం వృథా కాదు. పాత పాలసీలో ఉన్న మొత్తం మేరకు, పాతజబ్బుల నిరీక్షణ కాలంలోంచి ఆ ఏళ్ళు తీసివేస్తారు. ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు మారే 'పోర్టబిలిటీ' సదుపాయం 2011 నుంచీ ఉన్నది.

దీని విలువ ఏమిటో చూడండి. కొత్తగా పాలసీ తీసుకునేవారికి ప్రమాదాలు మినహాయిస్తే మొదటి 30 రోజులు ఏ జబ్బుకూ రక్షణ ఉండదు. కంటిశుక్లం, హెర్నియా లాంటివాటికి చాలా పాలసీలలో రెండేళ్ళు ఆగాలి. మధుమేహం, రక్తపోటు లాంటి పాతజబ్బులకు 2024 దాకా నాలుగేళ్ళ వరకూ ఆపవచ్చు. ఆ ఏడాది నియమాలు మార్చి గరిష్ఠ పరిమితిని 36 నెలలకు తగ్గించారు. మా వియ్యపురాలు అప్పటికి ఆరేళ్ళు పాలసీలో ఉన్నారు. అంటే ఆ నిరీక్షణ అంతా ఎప్పుడో తీరిపోయింది. ఆరేళ్ళ తపస్సు ఫలం చేతిలో ఉండగా, అది ఉన్నదని తెలియక పారబోసుకున్నాం.

బీమా సంస్థ తప్పక ఒప్పుకొని ఉండేదని నేను ప్రమాణం చేయను. సామూహికం నుంచి సొంతానికి మారేటప్పుడు వారు ఆరోగ్య వివరాలు చూస్తారు, ప్రీమియం పెంచవచ్చు, కాదనవచ్చు కూడా. కానీ అడిగి లేదనిపించుకోవడం వేరు, అడగవచ్చునని తెలియకపోవడం వేరు. మొదటిది దురదృష్టం. రెండవది అన్యాయం.

అల్లుడు పాత కంపెనీ వదిలేటప్పుడు ఇచ్చిన కాగితాలు తెప్పించుకొని చూశాను. ఒక పట్టిక ఉన్నది. లాప్‌టాప్ అప్పగించారా? గుర్తింపు కార్డు ఇచ్చారా? గ్రంథాలయం పుస్తకాలు బాకీ ఉన్నాయా? బల్ల సొరుగు తాళం ఇచ్చారా? పదిహేడు అంశాలు. పదిహేడింటికీ ఎదురుగా సంతకాలు. కంపెనీకి రావలసిన సొరుగు తాళం దాకా గుర్తున్నది. ఉద్యోగి ఇంట నాలుగు ప్రాణాలకున్న రక్షణ ఆ సాయంత్రంతో ముగుస్తుందనీ, కావాలంటే ఫలానావారికి ఫలానా తేదీలోగా రాసుకోవచ్చుననీ ఒక్క వాక్యం లేదు. సొరుగు తాళం కన్నా తల్లి గుండె తేలికైపోయిందా?

ఈ మాట నేను బంధువుల మధ్య అంటే వచ్చిన సమాధానాలు మూడు. మూడింటినీ ఇక్కడ పరిశీలిస్తాను.

మొదటిది: "చదువుకున్నవాడు, కాగితాలు చదువుకోవద్దూ?" చదువుకోవాలి. మా అల్లుడి తప్పు లేదని నేను అనను, నా తప్పు అసలే లేదని అనను. పోతన పద్యానికి ప్రతిపదార్థం చెప్పగలను గదా అని మురిసిన నేను, ఇంట్లో ఉన్న బీమా కాగితాన్ని ఒక్కసారి తెరవలేదు. అయితే ఆ కాగితం ఏ భాషలో ఉన్నది? ఇంగ్లీషులో అంటే సరిపోదు. ఇంగ్లీషు వచ్చినవారికి కూడా రాని ఇంగ్లీషులో. వాక్యం మొదలైన చోట క్రియ ఉండదు, క్రియ దొరికేసరికి కర్త మరచిపోతాం. కాదంబరిలో సమాసాలు దీర్ఘమైనవే, కానీ వాటిని విప్పితే రసం ఉంటుంది. వీటిని విప్పితే మినహాయింపు ఉంటుంది. పైగా సామూహిక పాలసీ అసలు పత్రం కంపెనీ దగ్గర ఉంటుంది. మా అల్లుడి చేతికి వచ్చింది ఒక కార్డూ, ఆసుపత్రుల జాబితా. తెరవని పుస్తకం చదవలేదని నిందించవచ్చు. ఇవ్వని పుస్తకం చదవలేదని నిందించడం ఏ న్యాయం?

రెండవది: "సొంత పాలసీ తీసుకోవాలంటే ఎంత ఖర్చు! తెలిసినా తీసుకునేవారా?" అరవై దాటిన మధుమేహ రోగికి ప్రీమియం భారమే. దాన్ని తక్కువ చేసి చెప్పను. కానీ ఆ భారాన్ని మోయాలో వద్దో నిర్ణయించవలసింది ఆ ఇంటివారు. వారి తరఫున మౌనం నిర్ణయించకూడదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జి.ఎస్.టి. కూడా తీసివేశారు. పాలసీలో కొత్తగా చేరడానికి 65 ఏళ్ళ హద్దు పెట్టుకొనే అలవాటుకు 2024లోనే నియమాల నుంచి ఆసరా తప్పింది. తలుపులు కొంచెం కొంచెంగా తెరుచుకుంటున్నాయి. తలుపు ఎక్కడున్నదో చెప్పేవాడే లేడు.

మూడవది, అన్నిటికన్నా నాకు కష్టం కలిగించినది: "ప్రభుత్వం ఉందిగా!" అయ్యా, నాకు ఉన్నది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగులకూ పెన్షనర్లకూ తెచ్చిన ఆరోగ్య పథకం కార్డు నా జేబులో ఉన్నది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు ఉన్నది. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు. డెబ్బై దాటిన వృద్ధులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల ఆయుష్మాన్ భారత్ రక్షణను 2024 అక్టోబరులో తెచ్చారు. అన్నీ మంచివే. మరి అరవై మూడేళ్ళ మా వియ్యపురాలు పేదరాలు కాదు, పెన్షనరు కాదు, డెబ్బై నిండలేదు. కొడుకు కొలువే ఆవిడకు గొడుగు. ఇటు ప్రభుత్వ పందిరికీ అటు కంపెనీ పందిరికీ నడుమ ఉన్న ఆ ఖాళీలో ఎండకు నిలబడినవారు ఆవిడ ఒక్కరే కాదు. మీ వీధిలో లెక్కపెట్టండి.

మా పెద్దబ్బాయి అమెరికాలో టెక్సాసులో ఉంటాడు. 2023లో అతడి ఉద్యోగం పోయింది. కొద్ది రోజులకు ఇంటికి ఒక ఉత్తరం వచ్చింది. అక్కడ 1985 నాటి 'కోబ్రా' అనే చట్టం ఒకటున్నది. ఇరవైమందికి పైబడి పనిచేసే సంస్థలో కొలువు పోతే, అదే ఆరోగ్య బీమాను సాధారణంగా 18 నెలల దాకా సొంత ఖర్చుతో కొనసాగించుకోవచ్చు. ఆ నిర్ణయానికి 60 రోజుల గడువు. ఆ హక్కు ఉన్నదని ఉద్యోగికి రాతపూర్వకంగా తెలియజేయాలి. పేరు పాముది అయినా బుస కొట్టి ముందే హెచ్చరిస్తుంది. అమెరికాను పొగడడం నా ఉద్దేశం కాదు. యజమాని వాటా కూడా తానే కట్టుకోవలసి రావడంతో, నిర్వహణ ఖర్చుతో కలిపి 102 శాతం దాకా భారం పడింది. చూసి మా వాడు గుండె పట్టుకున్నాడు. కట్టలేక వదులుకున్నాడు కూడా. కానీ తెలిసి వదులుకున్నాడు. ఆ గడువులోనే మరొక దారి వెతుక్కున్నాడు. నా ఇద్దరు బిడ్డల ఇళ్ళలో ఒకే రకం సంఘటన జరిగింది. ఒక ఇంటికి ఉత్తరం వచ్చింది. మరొక ఇంటికి అంబులెన్సు వచ్చింది.

ఇక అసలు ఎత్తిపొడవవలసినది మన గడప లోపలనే ఉన్నది. మన ధర్మశాస్త్రాలు గర్భాధానం మొదలు అంత్యేష్టి దాకా షోడశ కర్మలు చెప్పాయి. మనిషి జీవితం మలుపు తిరిగే ప్రతిచోటా ఒక క్రతువు పెట్టి 'ఇక్కడ ఆగు, అవస్థ మారింది' అని గుర్తు చేశాయి. మనం పెళ్ళికి ముహూర్తం చూస్తాం, బారసాలకు నక్షత్రం చూస్తాం, గృహప్రవేశానికి పాలు పొంగిస్తాం. ఈ మలుపులలోనే బీమా కాగితం కూడా మారాలని ఎవరమైనా తలుస్తున్నామా? నాతో పనిచేసిన ఒక మాస్టారు కూతురి పెళ్ళికి పన్నెండు వందలమందికి శుభలేఖలు పంచారు. తన కార్డులోంచి ఆమె పేరు తొలగిపోయింది. అల్లుడి పాలసీలో చేర్చాలని ఎవరికీ తోచలేదు. ఏడు నెలలు ఆ పిల్ల పుట్టింటి పద్దులోనూ లేదు, మెట్టినింటి పద్దులోనూ లేదు. అదృష్టం బాగుండి జలుబు కూడా చేయలేదు.

కనుక తెలిసినంత మేరకు, తెలుగులో, ప్రతి మలుపు దగ్గరా ఏం చేయాలో చెబుతాను.

పెళ్ళి అయితే భార్య పేరు చేర్చమని వెంటనే రాయండి. కంపెనీ పాలసీలలో దీనికి గడువు ఉంటుంది, తరచుగా నెల రోజులే. అది దాటితే మళ్ళీ సంవత్సరాది దాకా ఆగవలసి రావచ్చు. బిడ్డ పుడితే పురుటి పదకొండవ రోజు దాకా కూడా ఆగవద్దు. చాలా సొంత పాలసీలు పసిబిడ్డను తొంభై రోజులు దాటాకగానీ చేర్చుకోవు. ప్రసూతి రక్షణ ఉన్నవాటిలో మొదటి రోజు నుంచే ఉండవచ్చు. మీది ఏదో గర్భం నిలిచినప్పుడు కాదు, పెళ్ళినాడే తెలుసుకోండి, ఎందుకంటే ప్రసూతికి కూడా నిరీక్షణ ఏళ్ళ తరబడి ఉంటుంది. కొడుకు పాతికేళ్ళవాడై సంపాదనలో పడితే తండ్రి పాలసీలో సాధారణంగా చోటు పోతుంది. పోకముందే వాడికి వేరే పెట్టండి, గడిచిన కాలం వాడి ఖాతాలోకి రావాలని అడగండి.

కుటుంబం పెరిగిందని బీమా మొత్తం 3 లక్షల నుంచి 10 లక్షలకు పెంచుకుంటే, పెరిగిన ఆ 7 లక్షలకు నిరీక్షణ మళ్ళీ మొదటి నుంచి లెక్కిస్తారని గుర్తుంచుకోండి. జబ్బు వచ్చాక పెంచడం ఇల్లు కాలుతుండగా బావి తవ్వడమే. వేరే సంస్థకు మారదలిస్తే పునరుద్ధరణ తేదీకి కనీసం నలభై అయిదు రోజుల ముందు కదలండి. ఏడాది ప్రీమియం కట్టడం ఆలస్యమైతే 30 రోజుల వెసులుబాటు ఉన్నది, దాన్ని దాటించి ఏళ్ళ ఫలాన్ని పోగొట్టుకోవద్దు. అయిదేళ్ళు నిరాటంకంగా కట్టిన పాలసీని, మోసం రుజువైతే తప్ప, 'మీరు ఆనాడు ఫలానా సంగతి చెప్పలేదు' అని తిరగదోడరాదని 2024 నియమం. అంతకు ముందు ఈ గడువు ఎనిమిదేళ్ళు. నిరాటంకం అన్న మాటకు ఇంత విలువ ఉన్నది. ఉద్యోగం మారేటప్పుడు ఇరవై రోజులు మన కంటికి సెలవు. బీమా లెక్కలో అది తెగిన దారం.

ఇంటి పెద్ద పోతే? పాలసీ ఆయన పేరున ఉన్నంత మాత్రాన మిగిలినవారి రక్షణ ఆయనతో పోనవసరం లేదు. మరొక పెద్ద పేరున మార్చమని కోరవచ్చు. పదమూడు రోజులూ గడిచాక ఆస్తి కాగితాలతో పాటు ఆ కాగితం కూడా తీయండి.

చివరిగా నా ప్రధాన అభ్యర్థన, అభ్యర్థన కాదు, నిలదీత. దేశం మొత్తానికి బీమా నియమాలు రాసే సంస్థ ఎక్కడున్నది? ఢిల్లీలో కాదు, ముంబయిలో కాదు. మన హైదరాబాదులో, నానక్‌రామ్‌గూడలో ఉన్నది. పాలసీ సారాంశ పత్రాన్ని పాలసీదారు కోరితే స్థానిక భాషలో ఇవ్వాలని 2024 జనవరి నుంచి అమలైన నియమం ఉన్నది. మంచిదే. అయితే ఆ 'కోరితే' అన్న చేదర్థకం నన్ను బాధిస్తున్నది. ఉన్నదని తెలియనిదాన్ని కోరేదెవరు? సామూహిక పాలసీలో ఉన్న ప్రతి ఉద్యోగికీ, కొలువు వీడే రోజున, కోరకపోయినా, అతడి భాషలో ఒక్క పుట ఇచ్చి తీరాలని నియమం చేయండి. ఏనాటితో రక్షణ ఆగుతుంది, ఎవరెవరికి ఆగుతుంది, మారాలంటే ఎవరికి రాయాలి, ఎప్పటిలోగా రాయాలి. నాలుగు వాక్యాలు. సొరుగు తాళానికి సంతకం పెట్టించుకున్న పట్టికలో పద్దెనిమిదవ అంశంగా దీనికీ సంతకం పెట్టించండి. రాయడానికి తెలుగు రాదంటారా, నేను రాసిపెడతాను. పారితోషికం అక్కరలేదు.

మొన్న సంక్రాంతికి మా వియ్యపురాలు వచ్చారు. చేతులకు మట్టిగాజులు ఉన్నాయి. నా చూపు అటు పోవడం గమనించి, "ఇవే బాగున్నాయి లెండి అన్నయ్యగారూ, బరువు లేదు" అన్నారు. ఆ తరువాత ఆవిడ పేరున పాలసీ కోసం రెండు సంస్థలకు రాశాం. రెండూ కాదన్నాయి. మూడవది ప్రీమియం పెంచి ఒప్పుకున్నది. గుండెకు సంబంధించిన ఏ చికిత్సకైనా మూడేళ్ళు ఆగాలట. ఆ కాగితం తెలుగులో ఇమ్మని కోరాను. ఇంకా రాలేదు.